సగం చదివిన సైగ

మొన్నీమధ్య ఒక శిక్షణ తరగతికి వెళ్లి వచ్చాను. సైగల భాష నేర్చుకుని, వినపడనివాళ్లకూ మిగతావాళ్లకూ మధ్య మాట చేరవేసే ఉద్యోగాల్లోకి వెళ్లబోతున్న పిల్లలు వాళ్లు. రిటైరైన టీచరునని నాకొక శాలువా కప్పి, గంటసేపు మాట్లాడమన్నారు. అన్నీ మంచి మాటలే చెప్పాను. చివర్లో వెనక వరసలో నుంచి ఒకమ్మాయి లేచి, "మేడం, మీరు ఎన్నడన్న తప్పు చెప్పిన్రా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు నిర్వాహకులు నవ్వేసి, భోజనాల టైమైందంటూ అందర్నీ లేపేశారు. ఆ అమ్మాయికి జవాబు చెప్పకుండానే ఇంటికొచ్చాను. ఇది ఆ జవాబు. కాస్త పొడుగైంది.

నేను కోస్తా వైపు నుంచి వచ్చినదాన్ని. పెళ్లయ్యాక మావారి ఉద్యోగంతో ఇబ్రహీంపట్నం వచ్చి, వినపడని పిల్లల బడిలో టీచరుగా చేరాను. సైగలు నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. పిల్లల తల్లిదండ్రుల తెలుగు నేర్చుకోవడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది. చేరిన కొత్తలో మహేశ్వరం వైపు నుంచి ఒకాయన కొడుకుని బడిలో వేయడానికి వచ్చి, "పోరణ్ణి తోల్కొచ్చిన మేడం" అన్నాడు. మావైపు తోలుకొచ్చేది పశువుల్ని. మాట రాని బిడ్డని కన్నతండ్రే గొడ్డులా చూస్తున్నాడని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన్ని కూర్చోబెట్టి, పిల్లల్ని ఎలా చూసుకోవాలో పది నిమిషాలు చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. బయటికి వెళ్లి మా ఆయాతో, "గీ మేడంకు ఇంట్ల ఏమన్న తిప్పలున్నదా?" అని అడిగాడట. తోల్కొచ్చుడంటే ఇక్కడ తీసుకురావడమేననీ, కొత్త కోడల్ని కూడా తోల్కొస్తారనీ ఆయా నవ్వాపుకోలేక నాకు చెప్పింది.

అనువాదం అనే మాట మా బడిలో ఎవరూ వాడేవాళ్లం కాదు. చేసేదంతా అదే. పుస్తకంలో పాఠాన్ని చేతుల్లోకి దించాలి. పిల్లాడి చేతుల్లో ఉన్నదాన్ని తల్లికి మాటల్లో చెప్పాలి. తల్లి కోపాన్ని పిల్లాడికి తగ్గించి చెప్పాలా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఒకసారి ఒక తండ్రి హాస్టలు గేటు దగ్గర నిలబడి, వాళ్లమ్మ చనిపోయిన సంగతి కొడుక్కి నన్ను చెప్పమన్నాడు. "నాకు సైగల్ల రాదు మేడం" అన్నాడు. ఆయనకి మాటల్లోనూ రాలేదు. ఆ రోజు నేను చేసింది ఏ భాష నుంచి ఏ భాషలోకో నాకిప్పటికీ తెలియదు.

బడిలోకి కొత్తగా వచ్చిన ప్రతి టీచరుకీ మొదటి రోజు నేనొక మాట చెప్పేదాన్ని. పిల్లలు తల ఊపితే నమ్మకండి. వినపడనివాళ్లు మనల్ని బాధపెట్టడం ఇష్టంలేక తల ఊపుతారు. అర్థమైందా అని అడక్కండి, ఏం అర్థమైందో చూపించమనండి. ముప్పై ఏళ్లు చెప్పాను ఈ మాట.

ఇక జరిగింది చెప్తాను. ఎవరి పేర్లూ రాయను. ఆమె తన పొలంలో బీరకాయలు పండించి అంగట్లో అమ్ముకునేది కాబట్టి బీరకాయలామె అంటాను.

నా రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. ఒక ఉదయం మా హెడ్మాస్టరు పిలిచి, మండలాఫీసుకి వెళ్లి రమ్మన్నారు. సాగుభూముల రిజిస్ట్రేషన్లు ఇప్పుడు అక్కడే జరుగుతాయి కదా. భూమి అమ్ముతున్నామెకి పుట్టుకతో వినపడదు, మాట రాదు. ఆమెకి సంగతి అర్థమైందని సైగల భాష తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తే తప్ప చెయ్యనని అక్కడి ఆఫీసరు పట్టుబట్టారట. మంచి ఆఫీసరు అనుకున్నాను. బొంగులూరు దగ్గర రింగురోడ్డు వచ్చినప్పటి నుంచి మా చుట్టుపక్కల ఎకరాలన్నీ గజాల్లోకి మారిపోతున్నాయి. అంత జాగ్రత్తగా అడిగేవాళ్లు తక్కువ.

ఆ రోజు బడిలో పరీక్షలు. మధ్యాహ్నానికల్లా తిరిగి రావాలనుకుంటూ వెళ్లాను. ఈ సంగతి కూడా చెప్పాలి, దాచుకోకూడదు.

బీరకాయలామెకి యాభై దాటి ఉంటాయి. నల్లగా, గట్టిగా, చింపిరి జుట్టు ముడేసుకుని, బెంచీ చివర కూర్చుని వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తోంది. పక్కన ఆమె మరిది, తెల్లచొక్కా వేసుకుని చేతిలో ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

"దండం టీచరమ్మా. మా వదినె. మా అన్న పోయి పదేండ్లాయె. పోరగాండ్లు లేరు. దవాఖానకు తోల్కపోయినా, రేషన్ తెచ్చినా, అన్ని నేనే. ఆమె నోరు నేనే అనుకోండ్రి" అన్నాడు. ఆ చివరి మాట అన్నప్పుడు అతని గొంతులో గర్వం లేదు, అలసట ఉంది.

నేను మా బడి సైగలతో మొదలుపెట్టాను. ఆమె నా వేళ్లకేసి గారడీ చూస్తున్నట్టు చూసింది. బడి మొహం చూడని మనిషి. ఆమె సైగలన్నీ ఇంట్లో, పొలంలో, అంగట్లో తనంతట తాను తయారుచేసుకున్నవి. ఇలాంటివాళ్లని అంతకుముందు కూడా చూశాను కాబట్టి నేను కంగారు పడలేదు. నేలని చూపించాను, గట్లు గీశాను, విత్తనం చల్లాను. ఆమె మొహం విప్పారింది. తీగ పాకడం, కాయ ఇంత పొడుగు వేలాడటం చూపించింది. ఆ నేల నీదేనా అంటే అరచేత్తో గుండె మీద రెండుసార్లు తట్టుకుంది.

కొనేవాళ్ల తరఫు మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అతన్ని చూపించి, ఇతనికి ఇస్తున్నావా అని అడిగాను. ఆమె కుడిచెయ్యి గుండె దగ్గర నుంచి అతని వైపు వెళ్లింది. అక్కడ అరచెయ్యి తెరుచుకుంది. తర్వాత అదే చెయ్యి తిరిగి, పిడికిలి మూసుకుని, మళ్లీ గుండె దగ్గరికి వచ్చింది.

ఇవ్వడం, తీసుకోవడం. భూమి ఇస్తాను, డబ్బు తీసుకుంటాను. అమ్మకానికి ఇంతకన్నా తేటగా సైగ ఏముంటుంది?

"సూషిన్రా? నేను చెప్పలే?" అన్నాడు మరిది. అతనూ అదే సైగ చేసి చూపించాడు. ఆమె తల ఊపింది. నేనూ ఊపాను.

ఆఫీసరు అడిగారు: "మేడం, ఆమెకు సమజయిందా?"

"అయిందండి. భూమి ఇచ్చి డబ్బు తీసుకుంటున్నానని చెప్తోంది."

"పక్కానా?"

"పక్కా" అన్నాను. ఆ మాట నాది కాదు, ఇక్కడికొచ్చి నేర్చుకున్నది. వాడటం వచ్చిందని నాకు కొంచెం మురిపెం కూడా.

నేను చెప్పింది ఆపరేటరు టైపు చేశాడు. ఆమె చేతిలో ఉన్నది నా నోట్లోకి వచ్చి, నా నోటి నుంచి అతని వేళ్లలోకి వెళ్లి, కాగితం మీదికి వచ్చేసరికి "సమ్మతించినది" అనే ఒక్క మాట మిగిలింది. దానికింద సంతకం పెట్టాను.

తర్వాత ఆమె వేలిముద్ర తీసుకోబోతే మిషను పట్టలేదు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చివరికి పది వేళ్లూ పెట్టించారు. కలుపు పీకీ పీకీ ఆ వేళ్ల గీతలు అరిగిపోయాయి. "రెండు మూడు దినాలు పని బంద్ పెట్టి, చేతులకు నూనె రాస్కొని రమ్మనుండ్రి" అన్నాడు ఆపరేటరు. నాలుగో రోజుకి మళ్లీ స్లాటు ఇచ్చారు. "మీరు రానక్కర లేదు మేడం, మీ కాగితం ఫైల్ల ఉన్నది" అన్నారు ఆఫీసరు. నేను పరీక్షల టైముకి బడికి చేరుకున్నాను.

ఆ వేలిముద్ర పడి ఉంటే ఈ కథ నాకు తెలిసేదే కాదు. నేను అంతే ధీమాగా రిటైరై, శాలువా కప్పించుకుని, మంచి మాటలు చెప్పుకుంటూ ఉండేదాన్ని.

రెండు రోజుల తర్వాత కూరగాయలకని అంగడికి వెళ్లాను. గోనెపట్టా మీద బీరకాయలు పోసుకుని ఆమె కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, పరిచయస్తురాలిని చూసినట్టు నవ్వింది. అరచేతులు రెండూ చూపించి, నూనె రాసుకుంటున్నానన్నట్టు రుద్ది, ముక్కు మూసుకుంది. ఆముదం కాబోలు. నేను నవ్వి, కాయలు ఏరుకుంటూ కింద కూర్చున్నాను. ఆమె ఇంకా ఏదో చెప్తోంది. వాన పడటం, గుంట తియ్యడం, విత్తనం వెయ్యడం, తీగ పాకడం. తర్వాత నా సంచీ చూపించి, దాన్ని నింపేస్తానన్నట్టు చేతులు చాపింది.

నాకు ముద్దుగానే అనిపించింది కానీ అర్థం కాలేదు. ఎక్కడ వేస్తుంది బీరతీగ?

పక్కన గోంగూర, తోటకూర కట్టలు పెట్టుకున్న ముసలామె మమ్మల్ని చూస్తోంది. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే కూర్చుని అమ్ముకుంటున్నారట. ఈమెని ఆకుకూరల పెద్దమ్మ అంటాను.

"ఏమంటోంది పెద్దమ్మా?" అని అడిగాను.

"వచ్చే ఏడు గా భూమి మళ్ల చేతికొస్తది గద, బీర పెడ్తదట. నీకు సంచెడు ఇస్తదట, ఫుకట్ల."

"మళ్లీ చేతికి రావడమేంటి? అమ్మేసింది కదా?"

పెద్దమ్మ తోటకూర మీద నీళ్లు చల్లడం ఆపింది. "అమ్ముడా? కౌలుకిచ్చింది బిడ్డా. ఎవలు చెప్పిన్రు నీకు అమ్మిందని?"

"ఆమే చెప్పింది."

"ఆమెనా? ఎట్ల చెప్పింది, జర చూపియ్యి."

నేను చూపించాను. చెయ్యి వెళ్లడం, తెరుచుకోవడం, మూసుకుని తిరిగి రావడం.

"గది కౌలు" అంది పెద్దమ్మ, చిన్నపిల్లకి చెప్తున్నట్టు. "ఇచ్చుడు, మళ్ల తీస్కునుడు. మునుపు కాలిరిగినప్పుడు గట్లనే ఇచ్చె, ఏడాదికి మళ్ల తీస్కునె. అమ్ముడైతె గిట్లుంటది." రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసి దులిపేసి, మొహం పక్కకి తిప్పుకుంది. "బర్రెను అమ్మినప్పుడు వారం దినాలు గిదే చేసింది. ఏడ్సుకుంట."

అంగట్లో ఎండలో కూర్చున్నాను. ఏరిన కాయలు మళ్లీ పట్టా మీద పెట్టేశాను.

తల ఊపితే నమ్మకండని ముప్పై ఏళ్లు ఊరందరికీ చెప్పినదాన్ని, ఆమె తల ఊపితే నమ్మాను. తిరిగొచ్చిన పిడికిట్లో డబ్బుందని నేనే అనుకున్నాను. అందులో ఉన్నది ఆమె నేల. ఏం తీసుకుంటావు అని ఒక్కమాట అడగలేదు.

బీరకాయలామె మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. పెద్దమ్మ సాయంతో ఆమెకి చెప్పాను. నేలని చూపించి, చేతులు దులిపి, మొహం తిప్పుకున్నాను. ముందు ఆమె నవ్వింది, నేను వేళాకోళమాడుతున్నాననుకుని. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపింది. మీసం మెలేస్తున్నట్టు చూపించి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నట్టు చూపించి, నేల మీద అరచేత్తో కొట్టింది. మళ్లీ కొట్టింది.

"పెనిమిటి ఆన్నే ఉన్నడు. భూమి మూలకు బొంద పెట్టిన్రు" అంది పెద్దమ్మ.

మర్నాడు హెడ్మాస్టరుకి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు, భయస్థులు. "మేడం, ఆమె మనసు మార్చుకుందేమో. మీరు రాతపూర్వకంగ ఇచ్చినంక మళ్ల పోయి తప్పు చెప్పిన అంటే, బడి పేరు ఏం గావాలె? రేపు కోర్టుల మన సర్టిఫికెట్ ఎవరన్న నమ్ముతరా? రెండేండ్ల సర్వీసు ఉన్నది మీకు. ఎందుకు తలనొప్పి?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఇంటికి వెళ్లి మావారితో చెప్తే, ఆయన అంతా విని, "నువ్వు వెళ్లకపోతే నీకు నిద్ర పడుతుందా?" అని మాత్రం అడిగారు. పట్టదని ఇద్దరికీ తెలుసు.

నాలుగో రోజు పొద్దున్నే సెలవు పెట్టి, పెద్దమ్మని ఆటో ఎక్కించుకుని మండలాఫీసుకి వెళ్లాను. ఆమె ఆకుకూరల గంప ఇంకొకరికి అప్పగించి, మంచి చీర కట్టుకుని వచ్చింది. బీరకాయలామె అప్పటికే వచ్చి ఉంది. మరిది పక్కనే ఉన్నాడు కానీ ఆమె బెంచీ అవతలి చివర, గోడకేసి తిరిగి కూర్చుంది. కుడి బొటనవేలిని పిడికిట్లో మడిచి పట్టుకుంది.

ఆఫీసరు ముందు నిలబడి చెప్పాను: "మొన్న నేను తప్పు చదివానండి. ఆమె చెప్పింది కౌలు. నేను అమ్మకం అన్నాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మేడం, మొన్న పక్కా అన్నరు."

"అన్నానండి."

"మరి ఇయ్యాల మీరు చెప్పేది కరెక్టని నేను ఎట్ల నమ్మాలె?"

కోపంతో అడగలేదు. న్యాయమైన ప్రశ్న. ఆమెకి అర్థమైందా లేదా అన్నది నేను చెప్పినంతసేపూ అది నా మాటే. అప్పుడు తట్టింది, మధ్యలో నేనుండకూడదని.

"నేనేమీ చెప్పనండి. ఆమెనే చూపించనివ్వండి. మీరు చూసి మీరే రాసుకోండి" అన్నాను.

ఆఫీసరు ఒప్పుకున్నారు. మరిదినీ పెద్దమ్మనీ వెనక్కి జరిపి నిలబడమన్నారు. ఆమెని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఖాళీ ఫైలు ఒకటి ఆమె ముందు పెట్టాను. నేలని, తీగని చూపించి, ఇదే నీ భూమి అన్నాను. ఆమె ఫైలుని తిప్పి సరిగ్గా పెట్టుకుంది. నాకు తెలియని దిక్కేదో ఆమెకి తెలుసు. పక్కనున్న పెన్నులు రెండు తీసి గట్లు పెట్టింది. నీళ్ల సీసాని ఒక పక్కన బోరుగా నిలబెట్టింది. కాసేపు ఆలోచించి, ఆఫీసరు కాగితాల మీదున్న గాజుబరువు తీసుకుని, మీసం మెలేసి చూపించి, ఫైలు మూలకి పెట్టింది. దానిమీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.



నేను ఫైలుని మెల్లగా కొనేవాళ్ల మనిషి ముందుకి జరిపాను. చేతులు కట్టుకుని, ఇప్పుడేమవుతుందో నువ్వే చూపించు అన్నట్టు ఆమెకేసి చూశాను. అంతకుమించి వేలు కూడా కదపలేదు.

ఆమె లేచింది. గోడకి వేలాడుతున్న క్యాలెండరు దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క కాగితమే పైకెత్తింది. నెల తర్వాత నెల, చివరి కాగితం దాకా. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి, ఫైలుని అతని ముందు నుంచి తన వైపు లాక్కుంది.

ఆఫీసరు నాకేసి చూసి ఏదో అనబోయారు. నేను ఆగమన్నాను. ఇంకోటి మిగిలి ఉంది. ఫైలుని మళ్లీ అతని ముందుకి జరిపాను. ఈసారి అరచేతులు రెండూ దులిపి, మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఆమె తల ఊపలేదు. నాకేసి చాలాసేపు చూసింది. ముందు గాజుబరువు తీసుకుంది. తర్వాత ఫైలు తీసుకుంది. రెండూ ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పి కూర్చుంది.

"ఈ ఫైలు ఆపుండ్రి" అన్నారు ఆఫీసరు, ఆపరేటరుతో. కొనేవాళ్ల మనిషి లేచి, "మాకు పంచాయితీలు వద్దు సార్, క్లియర్ ఉంటేనే తీస్కుంటం" అంటూ ఫోను పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను కాగితం తీసుకుని నా చేత్తోనే రాసిచ్చాను: మొదటి రోజు ఆమె సైగని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను, ఆమె ఈ అమ్మకానికి ఒప్పుకోలేదు. ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

బయటికొస్తే మరిది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నన్ను దొంగను చేసిన్రు టీచరమ్మా" అన్నాడు. "బయానా పైసలు పట్టుకున్న. ఇప్పుడు గాళ్లకు నేనేం చెప్పాలె? ఎవలి కోసం చేసిన? ఈ వయసుల ఆమె ఎండల కలుపు తీసుడెందుకు, ఇల్లు గట్టిచ్చి కూసోవెడ్దామనుకున్న. ఎవలన్న పట్టిచ్చుకున్నరా ఇన్నేండ్లు?"

అబద్ధం చెప్తున్నాడని నాకు అనిపించలేదు. అయినా అడిగాను: "బర్రెను అమ్మినప్పుడు ఆమె చేతులు దులిపే సైగ చేసిందట కదా. ఆ సైగ మీకు తెలుసు కదా. భూమి సంగతి ఆమెకి చెప్పేటప్పుడు మీరెందుకు చెయ్యలేదు?"

అతను ఫైలు అంచు గోటితో గీకుతూ ఉండిపోయాడు.

"భూమికి ఆ సైగ జెయ్యబుద్ది గాలే" అన్నాడు చివరికి.

ఆ మాటని నేను ఇప్పటికీ రెండు రకాలుగా చదువుతాను. మోసం చెయ్యాలనుకున్నవాడు అనే మాట అది. ఆమెకి ఆ దెబ్బ తన చేత్తో కొట్టలేకపోయినవాడు అనే మాట కూడా అదే. ఏది నిజమో తేల్చడం నా పని కాదని అప్పటికి నాకు బుద్ధొచ్చింది.

బీరకాయలామె బయటికి వచ్చింది. మరిది లేచి చేతులతో ఆమెకి ఏదో చెప్పబోయాడు. ఆమె కళ్లు దించుకుని ముందుకు నడిచింది. మనకి కోపమొస్తే చెవిన పడే మాటని ఆపలేం. వాళ్లు కళ్లు తిప్పుకుంటే మన మాట అక్కడితో ఆగిపోతుంది. పదేళ్లు ఆమెకి నోరై ఉన్న మనిషి గాల్లో చేతులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అది చూడటం నాకు కష్టంగానే ఉండింది.

ఆ తర్వాత నాకు పైనుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. హెడ్మాస్టరు నాతో నెలరోజులు ముభావంగా ఉన్నారు. ఇలాంటి పనులకి నన్ను పంపడం మానేశారు. నా వెనక స్టాఫురూములో ఏమనుకున్నారో నాకు వినపడలేదు కానీ, మా బడిలో మనుషుల మొహాలు చదవడం అందరికీ వచ్చు.

నాకు చెయ్యడానికి ఒక్కటే కనిపించింది. ప్రతి అంగడి రోజూ వెళ్లి వాళ్లిద్దరి మధ్యా కూర్చునేదాన్ని. ఆమె సైగలు ఒక్కొక్కటే నేర్చుకుంటూ నోటుపుస్తకంలో బొమ్మలు గీసుకునేదాన్ని. "ముప్పై ఏండ్లు పంతులమ్మవైతివి, ఇప్పుడు బడికొస్తున్నవా?" అని పెద్దమ్మ ఎకసెక్కమాడేది. నేను గీసిన చేతులు బెండకాయల్లా ఉన్నాయని బీరకాయలామె నవ్వేది. ఆకలికి ఆమె దగ్గర మూడు సైగలున్నాయి. వానకి ఆరు. అబద్ధానికి ఒకటే ఉంది, అది చాలా బాగుంటుంది కానీ రాతలో పెట్టలేను.

భూమి అలాగే ఉండిపోలేదు. ఏడాదిన్నర తర్వాత రోడ్డు వైపు సగం ఆమే అమ్మింది. చుట్టూ ప్లాట్లయిపోయి, ఒక పక్కన నీళ్లు పారడం ఆగిపోయింది. ఈసారి ఆఫీసరే నాకు ఫోను చేసి, "మేడం, పొద్దంతా పట్టినా ఫికర్ లేదు, నిమ్మళంగ అడుగుండ్రి" అన్నారు. పొద్దంతా పట్టలేదు కానీ మధ్యాహ్నం దాకా పట్టింది. ఏ గట్టు దాకా, ఏ బోరు ఎవరిది, సమాధి మూలకి దారి ఎటు నుంచి, అన్నీ ఆమే అడిగింది. చేతులు దులిపింది కూడా ఆమే, ఎవరూ అడక్కుండానే. ఆమె వేలిముద్ర ఆ రోజు రెండో ప్రయత్నానికే పడింది. మరిది సాక్షి సంతకం పెట్టాడు. వాళ్లిద్దరికీ మళ్లీ ఎప్పుడు మాటలు కలిశాయో నేను అడగలేదు.

నేను రిటైరయ్యే ముందు వారం అంగట్లో ఒక సంగతి తెలిసింది. నేను దూరం నుంచి వస్తుంటే బీరకాయలామె పెద్దమ్మకి ఒక సైగ చేసింది. రెండు వేళ్లు నడుస్తున్నట్టు కదిలి, ఆగి, వెనక్కి తిరిగి, కిందికి వంగాయి. నేనంటే అదే సైగ అట. ఎప్పటి నుంచో అంతేనట. వినపడనివాళ్లు మనుషులకి ఇలాగే పేర్లు పెడతారు. కళ్లజోడునో, పుట్టుమచ్చనో, నడకనో చూసి పెడతారు. నాకు బడి పిల్లలు పెట్టింది కళ్లజోడు పేరు.

"అదేం పేరు పెద్దమ్మా? ఏమని అర్థం?" అని అడిగాను.

"మళ్లొచ్చినామె అని కావొచ్చు" అంది పెద్దమ్మ. కొంచెం ఆలోచించి, "దారి తప్పినామె అని గూడ కావొచ్చు. నాకేం ఎర్క? గది నీ పేరు, నువ్వే అడుగు" అంది.

అడిగాను. నేను కింద కూర్చోగానే బీరకాయలామె లేచి నిలబడింది. భుజానికి సంచీ తగిలించుకున్నట్టు చేసి, చేతి గడియారం చూసుకుంటూ గబగబా నాలుగడుగులు అటు వెళ్లింది. ఆగింది. వెనక్కి తిరిగి మెల్లగా వచ్చి, సరిగ్గా నా ఎదుట, నా కళ్ల ఎత్తుకి వచ్చేలా, నేల మీద కూర్చుంది.

నేను తల ఊపలేదు. ఇంకోసారి చూపించమన్నాను. మళ్లీ లేచి మళ్లీ అదే చూపించింది. మూడోసారి అడిగితే, బీరకాయ పట్టుకుని కొట్టబోయినట్టు చేసి, నవ్వుతూ, మొత్తం మళ్లీ చూపించింది.